పట్టు ఎక్కడ, విడుపు ఎక్కడ: విదేశాంగ విధానంలో ఖర్చు లెక్క

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకులపై 25 శాతం సుంకం అమలు చేసింది. రష్యా చమురు కొంటున్నందుకు మరో 25 శాతం ఆగస్టు 27 నుంచి తోడైంది. ఈ రెండు తేదీల మధ్య, ఆగస్టు 19న, కేంద్రం విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. ఆగస్టు 28న ఆ గడువును డిసెంబరు 31 దాకా పొడిగించారు. అమెరికాకు బట్టలు పంపే తిరుప్పూరు లాంటి చోట్లకు ఇది ఊరట. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూలు వైపు అప్పటికి చేలు పూత, కాయ మీద ఉన్నాయి. పత్తి తీత ఊపందుకునేది అక్టోబరులో. సుంకం లేని కాలంలో చివరి మూడు నెలలూ ఇక్కడి రైతు పత్తి అమ్ముకునే నెలలే.

దీని బరువు ఎంతో లెక్క వేయవచ్చు. క్వింటాల్ పత్తిని జిన్నింగ్ చేస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది, మిగిలిందంతా గింజే. వ్యాపారంలో ధర చెప్పే క్యాండీ అంటే 356 కిలోల దూది, అంటే దాదాపు పదిన్నర క్వింటాళ్ల పత్తి. దిగుమతి దూది క్యాండీ 50,000 రూపాయలు అనుకుంటే 11 శాతం సుంకం 5,500 అవుతుంది. పత్తి లెక్కన క్వింటాల్‌కు సుమారు 520 రూపాయలు. ఇదంతా రైతు ధరలో కోత పడుతుందని చెప్పలేం గానీ, మిల్లు యజమాని బేరం చేయడానికి అంత జాగా దొరుకుతుంది. 2025-26లో పొడుగు పింజకు 8,110 రూపాయల మద్దతు ధర ఉండింది కదా అంటే ఉండింది. అయితే కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐ ఆ ధర పూర్తిగా ఇచ్చేది తేమ 8 శాతం ఉంటేనే. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత, 12 దాటితే కొనరు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలు నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలను ముంచాయి. తడిసిన పత్తికి మిగిలిన దారి ప్రైవేటు వ్యాపారే. సుంకం రద్దు బరువు పడేది సరిగ్గా అక్కడే.

మిత్రదేశాలతో మెతకగా ఉండాలా, ప్రత్యర్థులతో కరుకుగా ఉండాలా అన్న చర్చ ఎప్పుడు జరిగినా గొంతు ఎంత పెద్దదన్న దగ్గరే ఆగిపోతుంది. అసలు చూడాల్సింది ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో. పట్టు పట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. అది ముందే లెక్కగట్టి సర్దుబాటు చేసుకున్న దేశం ఎక్కువ రోజులు నిలబడగలదు. లెక్కగట్టని దేశం ఒకచోట నిలబడి, ఆ బరువును మరోచోట తనవాళ్ల మీదే దించుతుంది.

2025 ఆగస్టులో రెండూ జరిగాయి. రైతులు, మత్స్యకారులు, పాడి రైతుల విషయంలో రాజీ పడేది లేదని ప్రధాని ఆగస్టు 7న ప్రకటించారు. అమెరికా మొక్కజొన్న, సోయా, పాల ఉత్పత్తులకు తలుపు తీయకపోవడం పాలమూరు మొక్కజొన్న రైతుకు కూడా మేలు చేసేదే. ఆ గీత సరిగానే గీశారు. పత్తి మాత్రం గీతకు అవతల ఉండిపోయింది. పైగా సుంకం రద్దు అన్ని దేశాలకూ వర్తించింది. బ్రెజిల్, ఆస్ట్రేలియా పత్తి కూడా సుంకం లేకుండానే లోపలికి వచ్చింది. బదులుగా అమెరికా నుంచి ఏదో ఒకటి రాబట్టడానికి పనికొచ్చే విడుపును అడిగేవాళ్లు లేకుండానే ఇచ్చేశాం. పరిశ్రమను ఆదుకోవాలంటే ఎగుమతిదారుకు వడ్డీ రాయితీ ఇచ్చి ఆ భారాన్ని ఖజానా మీద వేసుకోవచ్చు. దాన్ని పత్తి ధర మీదకు మళ్లించడం బడ్జెట్‌లో కనబడని ఖర్చు, అందుకే సులువైన ఖర్చు.

ఆపిల్ పాఠం

అదే అమెరికాతో మన దేశం అంతకుముందు ఒకసారి చాలా నేర్పుగా ఆడింది. 2018 మార్చిలో అమెరికా ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం అదనపు సుంకం వేసింది. మనం వెంటనే విరుచుకుపడలేదు. జూన్‌లో ఎదురు సుంకాల జాబితా ప్రకటించి, అమలు తేదీని మాత్రం పదే పదే వాయిదా వేశాం. చర్చలకు జాగా ఉంచుతూనే, చేతిలో ఏముందో ఎదుటివాడికి కనబడేలా చేయడం అన్నమాట. 2019 జూన్ 5న అమెరికా మనకు ఇచ్చే వాణిజ్య రాయితీల పథకాన్ని రద్దు చేసింది. జూన్ 16న మన జాబితా అమల్లోకి వచ్చింది.

అందులో ఉన్నవి 28 సరుకులే: బాదం, వాల్‌నట్, ఆపిల్, శనగ, మసూర్ వగైరా. ఎంపికలోనే కిటుకు ఉంది. ఆపిల్‌పై అప్పటికే 50 శాతం సుంకం ఉంది, దానికి 20 కలిసింది. వాషింగ్టన్ ఆపిల్ దొరక్కపోతే మన దుకాణదారు ఇరాన్, టర్కీ కాయ పెడతాడు, కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. వాషింగ్టన్ రాష్ట్రపు తోటల యజమానికి మాత్రం మార్కెట్ పోయినట్టే. అమెరికా ఆపిల్ దిగుమతి 2018-19లో 1,27,908 టన్నులు, 2022-23కు 4,486 టన్నులు. ఆ తోటల వాళ్లే తమ సెనేటర్ల చుట్టూ తిరిగారు. 2023 జూన్‌లో రెండు దేశాలూ డబ్ల్యూటీఓలోని ఆరు వివాదాలు ముగించుకున్నాయి. మనం తీసేసింది అదనంగా వేసిన 20 శాతమే, అసలు 50 శాతం అలాగే ఉంచాం. మనకు నొప్పి తక్కువ, వాళ్లకు ఎక్కువ, వెనక్కి తీసుకోవడానికి తేలిక. ఒత్తిడి సాధనం ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మూడూ ఇందులో ఉన్నాయి.

ఒకే రకం ఒత్తిడికి మన దేశం రెండుసార్లు రెండు రకాలుగా స్పందించిన సంగతీ ఉంది. 2018-19లో మన చమురు దిగుమతుల్లో ఇరాన్‌ది సుమారు పదో వంతు. ఆంక్షల నుంచి అమెరికా ఇచ్చిన మినహాయింపు ముగియగానే 2019 మేలో కొనుగోళ్లు ఆపేశాం. రష్యా చమురు 2022కు ముందు రెండు శాతం కూడా లేదు. తర్వాత మొత్తంలో మూడో వంతు దాటింది, దాన్ని మాత్రం ఆపం అన్నాం. ధైర్యం పెరిగిందని కొందరు రాశారు. ధైర్యం సంగతి ఎలా ఉన్నా పరిస్థితులు వేరు. ఇరాన్ చమురు కొంటే బ్యాంకులకు, రిఫైనరీలకు నేరుగా ఆంక్షల దెబ్బ. రష్యా చమురు 2022 డిసెంబరు నుంచి 60 డాలర్ల ధర పరిమితికి లోబడి ప్రవహించాలన్నది పాశ్చాత్య దేశాల విధానమే. 2025 అక్టోబరులో రాస్‌నెఫ్ట్, లుకాయిల్ కంపెనీలపైనే ఆంక్షలు పడ్డాక మన రిఫైనరీలు కొన్ని చప్పుడు లేకుండా కొనుగోళ్లు సర్దుకున్నాయి. ప్రభుత్వ ప్రకటనలో పట్టు, కంపెనీ ఆర్డర్లలో విడుపు. బయటికి వంకరగా కనిపించినా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. మాట వెనక్కి తీసుకోనక్కర్లేకుండానే ఖర్చు తగ్గుతుంది.

సూర్యాపేట చెల్లించిన మూల్యం

చైనా విషయంలో దక్షిణ తెలంగాణకు ఈ లెక్క పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సింది కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు మరణించారు. వారికి నాయకత్వం వహించిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేట వాసి. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర లభించింది. ఆ రాత్రి తూటా పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదని 1996లో రెండు దేశాలూ రాసుకున్నాయి. 1993 నుంచి 2013 దాకా ఇలాంటి ఒప్పందాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చారు. గస్తీ ఎలా తిరగాలి, ఎదురుపడితే ఏ బ్యానర్ చూపాలి అన్నంత వివరంగా రాసుకున్నారు. రేఖ ఎక్కడుందో మాత్రం రాసుకోలేదు. మ్యాపులు మార్చుకోకుండా మర్యాదలు మాత్రమే రాసుకుంటే ఏమవుతుందో గల్వాన్ చూపింది.

ఆ తర్వాత నాలుగేళ్లు జరిగిన తీరు పట్టువిడుపుల మీద మంచి పాఠం, లోపాలతో సహా. చుషుల్–మోల్దో దగ్గర కోర్ కమాండర్ల చర్చలు ఘర్షణకు ముందే, జూన్ 6న మొదలయ్యాయి. ఘర్షణ తర్వాత కూడా వాటిని ఆపలేదు. 2024 ఫిబ్రవరికి 21 విడతలు అయ్యాయి. చర్చల్లో కదలిక లేనప్పుడు 2020 ఆగస్టు 29–30 రాత్రి మన సేనలు పాంగాంగ్ సరస్సు దక్షిణాన కైలాస్ శ్రేణి శిఖరాలు ఎక్కాయి. కింద చైనా స్థావరాలు కనుచూపులోకి వచ్చాయి. అప్పటిదాకా అడుగుతున్నదంతా మనమే. ఆ రాత్రి తర్వాత వాళ్లకూ మన దగ్గర అడగాల్సింది ఒకటి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో సరస్సు ఇరువైపులా సేనలు వెనక్కి తగ్గాయి.

లోపమూ అక్కడే ఉంది. శిఖరాలు ఖాళీ చేసింది పాంగాంగ్ వరకే కుదిరిన ఒప్పందానికి. రేఖ వెంట తగువున్న దెప్సాంగ్, డెమ్‌చోక్ ఆ బేరంలో లేవు. చేతిలో ఉన్న ఒక్క పెద్ద సాధనాన్ని మొదటి వాయిదాకే ఖర్చు పెట్టేసరికి మిగతావి సాగాయి. గోగ్రా 2021 ఆగస్టులో, హాట్ స్ప్రింగ్స్ 2022 సెప్టెంబరులో తేలాయి. దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీకి 2024 అక్టోబరు 21న గానీ అంగీకారం కుదరలేదు. అది కుదిరిన రెండు రోజులకే కజాన్‌లో మోదీ, జిన్‌పింగ్ కలిశారు. సరిహద్దు సంగతి తేలేదాకా శిఖరాగ్ర భేటీ లేదన్న పట్టును మాత్రం చివరిదాకా నిలిపారు. భేటీ జరపకపోవడానికి పైసా ఖర్చు లేదు, అందుకే అది నాలుగేళ్లు నిలిచింది.

వ్యాపారంలో కథ తలకిందులు. 2020 ఏప్రిల్‌లో చైనా పెట్టుబడులకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. జూన్ 29న 59 యాప్‌లు నిషేధించారు. టిక్‌టాక్ పోయినందుకు వీడియోలు చేసేవాళ్లు బాధపడ్డారు గానీ దేశానికి ఒరిగిన నష్టం స్వల్పం. అదే సమయంలో చైనా నుంచి దిగుమతులు 2019-20లో సుమారు 6,500 కోట్ల డాలర్లుండగా 2024-25కు 11,300 కోట్లు దాటాయి. బాయ్‌కాట్ పిలుపులు ఏడాదికోసారి వినిపిస్తూనే ఉన్నాయి, కంటెయినర్లూ వస్తూనే ఉన్నాయి.

ఎందుకో జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోకి చూస్తే అర్థమవుతుంది. అక్కడి మందుల కంపెనీలు మాత్రలు చేసి పంపే పెద్ద మార్కెట్ అమెరికా. మన మందుల ఎగుమతుల్లో దాదాపు మూడో వంతు అక్కడికే. ఆ మాత్రలకు కావాల్సిన ముడి మందుల్లో దేశం దిగుమతి చేసుకునేవాటిలో సుమారు మూడింట రెండు వంతులు చైనావి. ప్రత్యర్థి సరుకు ఇస్తే మిత్రుడికి అమ్మే ఫ్యాక్టరీ అది. ఎవరితో తగాదా వచ్చినా షిఫ్టు ఆగేది ఇక్కడ. దీన్ని సర్దడానికే 2020లో 6,940 కోట్ల రూపాయలతో 41 ముడి మందులకు ఉత్పత్తి ప్రోత్సాహకాల పథకం తెచ్చారు. చిక్కు ఏమిటంటే ఇక్కడ ప్లాంటు నడవడం మొదలవగానే అక్కడ ధర దింపగలరు. కిలోకు కొన్ని డాలర్లు తేడా వస్తే జడ్చర్ల కొనుగోలు మేనేజర్ దేశభక్తి చూడడు, కొటేషన్ చూస్తాడు. కనీస దిగుమతి ధరో, ప్రభుత్వ కొనుగోలు హామీయో అయిదారేళ్లు తోడుండకపోతే ప్రోత్సాహకం అయిపోయిన రోజు ప్లాంటు మూతపడుతుంది. సరఫరాకు రెండో దారి వేసుకోవడం కూడా విదేశాంగ విధానమే, దాని బిల్లు వాణిజ్య శాఖకు వస్తుంది అంతే.

అమెరికా వైపు నుంచి చూస్తే ఇదే ఫ్యాక్టరీ మనకు కవచం. 2025 ఆగస్టులో 50 శాతం సుంకం వేసినప్పుడు మందులను పక్కన పెట్టారు. సెప్టెంబరులో పేటెంట్ మందులపై 100 శాతం అని ప్రకటించినప్పుడూ జనరిక్ మందుల జోలికి రాలేదు. అక్కడ రాసే ప్రిస్క్రిప్షన్లలో పదింట తొమ్మిది జనరిక్‌లే. వాటి ధర పెరిగితే ఓటరు ఊరుకోడు. ఎదుటివాడు మన మీద ఆధారపడిన చోట మనం అరవనక్కర్లేదు.

దానికి విరుద్ధం యూరియా. 2025 వానాకాలంలో మహబూబ్‌నగర్, నల్లగొండ సొసైటీల ముందు రైతులు తెల్లవారకముందే చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టారు. కారణాలు చాలా ఉన్నాయి: దేశీయ ప్లాంట్లలో ఉత్పత్తి ఆగడం, కేటాయింపుల ఆలస్యం, పెరిగిన సాగు. ఎరువుల ఎగుమతిని చైనా బిగించడం వాటిలో ఒకటి. ఆ ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాలతో చేసే అయస్కాంతాలపైనా చైనా ఆంక్షలు పెట్టింది. ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు సరిహద్దుతో పాటు ఎరువులూ చర్చకు వచ్చాయి. నాట్లు వేసిన ఇరవై రోజులకు పడాల్సిన బస్తా నలభై రోజులకు దొరికితే పిలక రాదు. సరిహద్దులో ఏళ్ల తరబడి ఓపిక పట్టవచ్చు. వరి మడిలో వారాలు కూడా కష్టం. పట్టు పట్టే ముందు ఎదుటివాడి చేతిలో మన గడియారం ఎంత వేగంగా తిరుగుతుందో చూసుకోవాలని చెప్పేది ఇందుకే. ఎరువుల నిల్వ సీజనుకు ముందే, ఏప్రిల్–మే నాటికి గోదాముల్లో ఉంటే ఆ గడియారం నెమ్మదిస్తుంది.

చిన్న పొరుగు, పెద్ద పొరపాటు

చిన్న దేశాల మీద గట్టితనం తేలిక అనిపిస్తుంది, వికటించేది ఎక్కువ అక్కడే. 2015 సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చాక సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. దక్షిణ నేపాల్ మైదానాల్లోని మధేశీల ఆందోళన వల్లే అని ఢిల్లీ అంది. దిగ్బంధం భారత్‌దే అని కాఠ్మాండూ నమ్మింది. భూకంపం వచ్చి అయిదు నెలలే. వంట గ్యాసు, మందులు అందక చలికాలం గడిపిన నేపాల్ 2016 మార్చిలో చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. మన మాట నెగ్గలేదు సరికదా, లేని పోటీదారుణ్ణి మనమే పిలిచి కూర్చోబెట్టినట్టయింది.

బంగ్లాదేశ్‌తో 2014లో చేసింది దీనికి పూర్తి భిన్నం. బంగాళాఖాతంలో వివాదాస్పదమైన 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇస్తూ అంతర్జాతీయ ట్రైబ్యునల్ తీర్పు చెప్పింది. భారత్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. మరుసటి ఏడాదే ఒక దేశం మధ్యలో మరో దేశపు భూమిగా మిగిలిన 162 ఎన్‌క్లేవ్‌ల మార్పిడితో నాలుగు దశాబ్దాల భూ సరిహద్దు తగువు తీరింది.

నిరసనకూ మెట్లుంటాయి: రాయబారిని పిలిచి మందలించడం, లేఖ ఇవ్వడం, దౌత్యవేత్తను వెళ్లిపొమ్మనడం, సిబ్బంది సంఖ్య కుదించడం, వీసాలు ఆపడం, వ్యాపారం ఆపడం. ఒక్కో మెట్టుకూ దిగే దారి ఎంత ఇరుకో ముందే చూసుకోవాలి. కెనడాతో 2023లో పై మెట్లు చకచకా ఎక్కాం. సెప్టెంబరు 21న వీసాలు ఆపాం, అక్టోబరులో 41 మంది కెనడా దౌత్యవేత్తలు వెళ్లిపోయారు. వీసా ఆగితే ఇబ్బంది పడ్డవాళ్లలో చాలామంది కెనడా పాస్‌పోర్టున్న మనవాళ్లే. అందుకే రెండు నెలల్లో ఈ-వీసా తెరవాల్సి వచ్చింది. మళ్లీ హైకమిషనర్లను నియమించడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. ఖతర్‌లో మన నౌకాదళ మాజీ సిబ్బంది ఎనిమిది మందికి 2023 అక్టోబరు 26న మరణశిక్ష పడినప్పుడు ఢిల్లీ గొంతు పెంచలేదు. డిసెంబరులో శిక్ష తగ్గింది. 2024 ఫిబ్రవరి 12న విడుదల వార్త వచ్చింది, ఏడుగురు ఇల్లు చేరారు. దానికి ఆరు రోజుల ముందు ఖతర్‌తో ఏడాదికి 75 లక్షల టన్నుల గ్యాసు ఒప్పందం మరో ఇరవై ఏళ్లు పొడిగించారు. రెండింటికీ ముడి ఉందని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా.

పాకిస్థాన్‌తోనైనా అన్ని తీగలూ తెంపలేదు. 2025 ఏప్రిల్ 23న సింధు ఒప్పందాన్ని పక్కన పెట్టి, హైకమిషన్ సిబ్బందిని 55 నుంచి 30కి కుదించినప్పుడు కూడా సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల హాట్‌లైన్ ఉంది. మే 10న కాల్పులు ఆగింది ఆ ఫోన్ మీదే. అణు కేంద్రాల జాబితాలు 1992 నుంచి ప్రతి జనవరి 1న మార్చుకుంటూనే ఉన్నారు.

బియ్యం నేర్పేది

మన చేతిలో ఉన్న సాధనాన్ని ఎంత అరుదుగా వాడితే అంత విలువ. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు, ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. మిర్యాలగూడ మిల్లులు చేసేవి ఈ రెండు రకాలే. ప్రభుత్వాలు అడిగితే మినహాయింపు ఇచ్చారు: ఫిలిప్పీన్స్‌కు 2,95,000 టన్నులు, కామెరూన్‌కు 1,90,000, సీషెల్స్‌కు 800. దౌత్యపరంగా ఇది మంచి నేర్పే, ఎవరు మిత్రులో టన్నుల్లో చెప్పాం. అయితే 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేసేదాకా పద్నాలుగు నెలలు కొనేవాళ్లు వియత్నాం, థాయ్‌లాండ్‌లతో ఒప్పందాలు రాసుకున్నారు. బియ్యం దొరుకుతుందా లేదా అన్న అనుమానం ఒకసారి పడితే కొనేవాడు రెండో సరఫరాదారును వదలడు. ముడి మందుల్లో చైనాతో మనం చేస్తున్నది అదే కదా.

2025 మార్చి 31న కాకినాడ నుంచి తెలంగాణ బియ్యం తొలి విడతగా 12,500 టన్నులు, 1010 రకం, ఫిలిప్పీన్స్‌కు బయల్దేరింది. ఆ దేశంతో మన స్నేహం చిన్నది కాదు. 37.5 కోట్ల డాలర్ల బ్రహ్మోస్ క్షిపణుల కొనుగోలు 2022లో కుదిరింది. 2025 ఆగస్టు తొలి వారంలో అధ్యక్షుడు మార్కోస్ ఢిల్లీ వచ్చి వ్యూహాత్మక భాగస్వామ్యం ప్రకటించారు. అదే పర్యటనలో ఉండగానే సెప్టెంబరు 1 నుంచి 60 రోజులు బియ్యం దిగుమతి ఆపుతున్నట్టు కూడా చెప్పారు. తమ రైతుకు కోతల సమయంలో ధర పడిపోకుండా. తర్వాత ఆ గడువు పెంచారు. మనం 2023లో మన వినియోగదారుడి కోసం చేసిందే వాళ్లు తమ రైతు కోసం చేశారు. తప్పుపట్టడానికి మనకు నోరు లేదు.

మిల్లరుకు, పౌరసరఫరాల శాఖకు కావాల్సింది ఒప్పంద పత్రంలో నాలుగు వాక్యాలు. నెలవారీ పరిమాణం ఎంత, దిగుమతి ఆపితే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అప్పటికే రేవులో ఉన్న సరుకు సంగతేమిటి, ఓడ నిలిచిన రోజులకు డెమరేజీ ఎవరిది. 1010 అన్నం ఇక్కడ ఎక్కువమంది తినరు. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగిలో పండిన ఆ ధాన్యం గోదాములో ఆగిపోతే వానాకాలం వడ్లు దించడానికి జాగా ఉండదు.